పడుకున్నాక కాసేపు

నిద్ర పట్టనివాళ్ళకి ఊరంతా వైద్యులే. విశాలకి నిద్ర పట్టదన్న సంగతి కాకినాడలో ఎంతమందికి తెలిసిందో అన్ని మందులూ ఆ ఇంటికి నడిచొచ్చాయి. గసగసాలు నూరి పాలల్లో కలుపుకు తాగమన్నవారొకరు, జాజికాయ అరగదీసి నాకమన్నవారొకరు. అరికాళ్ళకి ఆముదం మర్దనా చేసుకోమని ఎదురింటి మామ్మగారు చెప్పింది. పడుకోబోయే ముందు ఫోను ముట్టుకోవద్దని చెప్పే వీడియోలు ఆ ఫోనులోనే వచ్చి పడేవి. వెయ్యి నుంచి వెనక్కి లెక్కపెట్టమని స్కూల్లో లెక్కల మేష్టారు సలహా ఇచ్చాడు. విశాల అదే హైస్కూల్లో సోషల్ టీచరు. "ఇవన్నీ ఎందుకే, నీ పాఠం నువ్వే పైకి చదువుకోరాదూ? పిల్లలందరూ హాయిగా నిద్రపోతున్నారు గదా!" అని మొగుడు పట్టాభి ఏడిపించేవాడు. ఆవిడ దిండు తీసి అతని మొహాన కొట్టేది.

అన్నీ చేసింది పాపం. వెయ్యి నుంచి సున్నా దాకా వచ్చి, మళ్ళీ వెయ్యి దగ్గర మొదలెట్టిన రాత్రులున్నాయి. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు గాని, అన్ని సుఖాలూ అమర్చిపెట్టినా రానంటున్న నిద్రని ఏ సామెత పిలుచుకొస్తుంది?

"అసలు పడుకున్నాక ఏమవుతుంది నీకు?" అని ఒకనాడు అడిగాడు పట్టాభి.

"ఏమవుతుందా? మీరంతా వరసకట్టి వచ్చేస్తారు. హిమజ డబ్బాలో సగం ఇడ్లీ వదిలేసింది, ఒంట్లో బాగాలేదేమో అని కాసేపు. నువ్వు పొద్దున్న అలా దగ్గావేమిటా అని కాసేపు. మా అన్నయ్య ఫోన్ చేసి చాన్నాళ్ళయింది, ఏం కోపమొచ్చిందో అని కాసేపు. మిమ్మల్నందర్నీ సాగనంపేసరికి పాలవాడు వచ్చేస్తాడు."

యూనివర్సిటీలో ఇద్దరూ ఒకే బెంచీవాళ్ళు కాబట్టి ఆవిడ మొగుణ్ణి నువ్వనే అనేది, కోపమొస్తే "ఒరేయ్ పట్టాభీ" అని కూడా అనేది. తొమ్మిదేళ్ళ హిమజకి ఆ మాట విన్నప్పుడల్లా నవ్వు ఆగేది కాదు.

పట్టాభి పనిచేసేది ఒక మెడికల్ కాలేజీ వెనకాల, సముద్రం వైపు కిటికీలున్న చిన్న లేబరేటరీలో. మెదడు మీద పరిశోధన. తోడు డాక్టర్ మెహరున్నీసా అనే ఆవిడ. పట్టాభికి ఆలోచన పుడితే దానికి కాళ్ళూ చేతులూ అమర్చేది మెహర్. ఇద్దరూ కలిసి ఏళ్ళ తరబడి తంటాలు పడి ఒక పట్టీ తయారుచేశారు. ఉల్లిపొరంత పల్చన. చెవి వెనక అతికించుకుని తల వాల్చి కళ్ళు మూసుకుంటే చాలు.

మొట్టమొదట దాన్ని పట్టాభే అతికించుకున్నాడు. లేబరేటరీ బల్ల మీద పడుకుని, "నాకేమీ తెలియట్లేదు మెహర్ గారూ, ఇది పనిచేసేలా లేదు. పోనీ టీ చెప్పి..." అన్నాడు. అంతే. మళ్ళీ కళ్ళు తెరిచి, "...రండి, తాగి మళ్ళీ చూద్దాం" అన్నాడు. మెహర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. పక్కనున్న టీ ఎప్పుడో చల్లారి మీగడ కట్టింది.

"మామూలుగా మెదడు నిద్రలోకి ఒక్కో మెట్టూ దిగుతూ పోతుందండీ. మీది మేడ మీంచి ఒక్క అంగలో కింద ఉంది. మధ్యలో ఏమీ లేదు" అంది మెహర్ తెరమీద గీతలు చూపించి.

"మధ్యలోదేగా మనుషుల్ని చంపుకు తింటోంది! పోతే పోయింది పీడా" అన్నాడు పట్టాభి. అతగాడికి ఆ క్షణం కళ్ళముందు ఉన్నది విశాల ఒక్కతే. వెయ్యి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ.

పట్టీ మనుషుల మీద పరీక్షించడానికి అనుమతి వేసవిలో వచ్చింది. కాకినాడ వేసవి సంగతి తెలియనిదెవరికి! ఉక్కపోతకి ఊరు ఊరంతా ఉడికిపోతుంది. సెలవులు కాబట్టి పరీక్షకి వచ్చినవాళ్ళలో టీచర్లు ఎక్కువ, ఆ తరవాత ఇంట్లో ఉండే ఆడవాళ్ళు, పెన్షనర్లు. ఒక్కొక్కళ్ళనీ కూచోబెట్టి పట్టాభే ప్రశ్నలు అడిగేవాడు. బీపీ ఉందా, కాఫీ ఎన్నిసార్లు, రాత్రి ఎన్నింటికి పడుకుంటారు, పగలు నిద్రపోయే అలవాటుందా?

"అయ్యయ్యో, పగలు నిద్రా? ఆ దరిద్రపు అలవాటు మా వంశంలో లేదు బాబూ. అన్నం తిన్నాక కాస్త నడుం వాలుస్తానంతే" అంది వరహాలమ్మగారు. ఊరగాయలు పెట్టి అమ్ముకునే మనిషి, నిద్ర లేక కళ్ళు లోతుకి పోయి ఉన్నాయి. పట్టాభి 'లేదు' అని రాసుకుని తరవాతి మనిషిని పిలిచాడు. అందరూ అదే మాట చెప్పారు. పగలు నిద్రపోయే సోమరులు ఆ ఊళ్ళో ఒక్కరూ లేరు.

విశాల మాత్రం ఇంట్లో గొడవ పెట్టుకుంది. "ఊళ్ళోవాళ్ళందరికీ పెడతావ్, పెళ్ళానికి పెట్టవా? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే!" సొంత మనుషుల్ని పరీక్షలో పెట్టకూడదని పట్టాభి చెప్పబోయాడు గాని ఆవిడ కళ్ళకింద నలుపు చూస్తూ ఎంతసేపు చెప్పగలడు? ఆ రాత్రి తనే అతికించాడు.

మర్నాడు లేచి చూసేసరికి విశాల మంచం మీద కూచుని ఏడుస్తోంది. "ఏమైందే?" అని కంగారుపడ్డాడు.

"నిద్రపోయాను పట్టాభీ. నిజంగా నిద్రపోయాను" అంది ఆవిడ, ఏడుస్తూనే నవ్వుతూ.

ఆ వేసవి ఆ ఇంట్లో పండగే అనుకోండి. విశాల ఒళ్ళు తేరింది. ఆవకాయ పెట్టింది, కూతురితో అష్టాచెమ్మా ఆడి దొంగాటలు ఆడి దెబ్బలాడింది, మధ్యాహ్నం అన్నాలయ్యాక తల్లీకూతుళ్ళు ఫ్యాను కింద చల్లటి గచ్చు మీద ఒకళ్ళ మీద ఒకళ్ళు కాళ్ళేసుకు దొర్లారు. పరీక్షకి వచ్చిన వాళ్ళందరి సంగతీ అంతే. వేసవి అయ్యేసరికి ఒక్క ఫిర్యాదు లేదు. వరహాలమ్మగారైతే లేబరేటరీకి మాగాయ జాడీ పట్టుకొచ్చి పట్టాభి నెత్తిన చెయ్యి పెట్టి దీవించి వెళ్ళింది.

వానాకాలంలో రెండో విడత మొదలైంది. ఈసారి ఎరువుల ఫ్యాక్టరీలో షిఫ్టుల వాళ్ళకీ, ఆస్పత్రి నర్సులకీ, కాలేజీ హాస్టళ్ళలో పిల్లలకీ ఇచ్చారు. వందలమంది. అందరూ పడుకున్నది పడుకున్నట్టు నిద్రపోయారు. బడులు తెరిచారు, విశాల మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళడం మొదలెట్టింది. పొద్దున వెళ్తే సాయంత్రానికి రావడం, వంట, పేపర్లు దిద్దుకోవడం, పట్టీ అతికించుకోవడం, తెల్లారి లేవడం.

దసరా వెళ్ళాక ఒకరోజు హిమజ సైకిలు మీంచి పడింది. మోకాలు చీరుకుపోయి రక్తం కారుతుంటే కుంటుకుంటూ ఇంటికొచ్చింది. విశాల చక్కగా కడిగింది, మందు రాసింది, గుడ్డ కట్టింది. "జాగ్రత్తగా తొక్కాలమ్మా" అని మెల్లగా చెప్పి, వెళ్ళి పేపర్లు దిద్దుకుంటూ కూచుంది. పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఎదురుచూస్తోంది. పట్టాభి ఇంటికొచ్చేసరికి వీధి మెట్ల మీద కూచుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

"నొప్పిగా ఉందా తల్లీ?"

"అమ్మ తిట్టలేదు నాన్నా" అంది హిమజ. "ఎప్పుడూ పడితే 'కళ్ళు నెత్తికెక్కాయా, నీ మొహం మండా' అని వీపు మీద ఒకటేసి, తర్వాత దగ్గరికి తీసుకుంటుంది. ఇవాళ తిట్టలేదు."

పెద్దదవుతోంది గదా, తిట్టడం మానేసిందేమోలే అని సర్దిచెప్పాడు. సర్దిచెప్పుకున్నాడు కూడా.

ఆ తరవాత కొద్ది రోజులకే ఫ్యాక్టరీలో పనిచేసే నూకరాజు పెళ్ళాం మంగతాయారు లేబరేటరీకి వచ్చింది. రావడం రావడమే మెహర్ బల్ల మీద పట్టీ విసిరికొట్టింది.

"ఏం పెట్టారండీ మా ఆయనకి? తాగట్లేదు, తిట్టట్లేదు, జీతం తెచ్చి చేతిలో పెడుతున్నాడు. అంతా బంగారమే అనుకున్నానండీ. కానీ నన్ను 'ఏమండీ, కాసిన్ని మంచినీళ్ళిస్తారా' అంటన్నాడు! ఒసేయ్ అనకుండా ఒక్క మాటన్నా ఆడని మడిసి! మొన్న మా అత్తగారు పోతే పక్కింటోళ్ళ చావుకెళ్ళినట్టు ఓ మూల కూచుని వచ్చేశాడండీ. కన్నతల్లండీ! ఆయన ఎవరో, మా ఆయన ఎక్కడున్నాడో మీరే చెప్పాలి."

మెహర్ ఆవిణ్ణి కూచోబెట్టి మంచినీళ్ళిచ్చింది. పట్టాభికి మాత్రం ఇంట్లో విన్న మాటొకటి గుర్తొచ్చింది. ఆ రోజు పొద్దున విశాల "టిఫిను బల్ల మీద పెట్టానండీ, చల్లారకముందే తినండి" అంది. అలిగిందేమో, సాయంత్రం ఏ మల్లెపూలో పట్టికెళ్దాం అనుకున్నాడు వెర్రిబాగులవాడు.

మర్నాడే విశాలని లేబరేటరీకి తీసుకొచ్చాడు. చేతికి తీగలు తగిలించి ఎదురుగా ఫొటోలు చూపించారు. మనవాళ్ళ మొహం కనబడితే మనకి తెలియకుండానే అరచేతిలో సన్నగా చెమట పుడుతుంది, గుండె ఒక్క పిసరు తొందరపడుతుంది, తెర మీద గీత లేస్తుంది. ఎవరో పోలీసు ఫొటో పెట్టారు. గీత లేవలేదు. ముక్కూ మొహం తెలియని పిల్లెవరిదో ఫొటో పెట్టారు. లేవలేదు. హిమజ ఫొటో పెట్టారు. ఆ గీత అలాగే చాపలా పరుచుకుని సాగిపోయింది.

"మూడోది హిమజ. పుట్టినరోజునాటి గౌను" అంది విశాల. అన్నీ తెలుసు ఆవిడకి. పరీక్షలో జవాబు చెప్పినట్టు చెప్పింది. "బాగానే చేశానాండీ?" అని మెహర్‌ని అడిగింది.

పట్టాభి కిటికీ దగ్గరికి వెళ్ళి సముద్రం వైపు తిరిగి నించున్నాడు.

ఫ్యాక్టరీ వాళ్ళనీ నర్సుల్నీ హాస్టలు పిల్లల్నీ పిలిచి చూస్తే అందరి గీతా అంతే. మరి వేసవిలో పరీక్షించిన వాళ్ళు? వాళ్ళూ ఇప్పటికీ అదే పట్టీ వాడుతున్నారు. టీచర్ల సంగతి విశాల లాగే ఉంది. మిగతావాళ్ళకి మాత్రం ఏమీ కాలేదు! ఇదేం మాయ? మెహర్ ఎంత తన్నుకున్నా అంతుబట్టలేదు. నేనే వెళ్ళి అడుగుతానని పట్టాభి వరహాలమ్మగారింటికి బయల్దేరాడు.

మిట్టమధ్యాహ్నం దాటిన వేళ. వీధిలో కుక్క కూడా లేదు. కిళ్ళీ కొట్టువాడు సగం తలుపు దించుకుని లోపల ఉన్నాడు. రిక్షాలో వాడు రిక్షాలోనే ముడుచుకుపోయాడు. వరహాలమ్మగారి తలుపు జేరవేసి ఉంది. తోసి చూస్తే ఆవిడ గచ్చు మీద పడుకుని ఉంది, చెవి వెనక పట్టీ లేదు. చేతిమీద తల పెట్టుకుని మనవడు. ఆవిడ రెప్పలు సగం మూతపడి ఉన్నాయి. పెదాలు ఏదో గొణుగుతున్నాయి. చేత్తో మనవణ్ణి జోకొడుతోంది, ఆ జోకొట్టడం నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ ఆగిపోయింది. గుర్రు మొదలైంది.

పట్టాభి గుమ్మంలో నించుండిపోయాడు. కాసేపటికి ఆవిడకి మెలకువొచ్చి, చెంప మీద చొంగ తుడుచుకుంటూ గబగబా లేచి కూచుంది.

"రా బాబూ, రా! ఎంతసేపైంది వచ్చి?"

"నిద్రపోతున్నారు గదాని లేపలేదండీ."

"నిద్రెక్కడిది? ఊరికే నడుం వాల్చాను" అంది వరహాలమ్మ.

ఆ మాట వినగానే ఆ గుమ్మంలోనే చతికిలపడ్డాడు పట్టాభి. ఎండకి కళ్ళు తిరిగాయనుకుని ఆవిడ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. వేసవి అంతా ఊరు ఊరంతా నడుం వాల్చింది. పట్టీ లేకుండా, మెల్లగా, మెట్టు మెట్టూ దిగుతూ. సెలవుల్లో టీచర్లూ వాల్చారు. విశాలా వాల్చింది, కూతురి మీద కాలేసుకుని. బళ్ళు తెరిచాక ఎవరు వాలుస్తారు? ఫ్యాక్టరీలో ఎవరు వాల్చనిస్తారు?

లేబరేటరీకి వచ్చి చెప్తే మెహర్ పాత గీతలన్నీ మళ్ళీ తెర మీదకి తెచ్చి చూసింది.

"పడుకున్నాక నిద్రపట్టేలోపు ఉంటుందే ఆ కాసేపు, మెదడు అప్పుడు ఖాళీగా ఉండదన్నమాట" అంది చివరికి. "తన మనుషులందర్నీ ఒక్కొక్కళ్ళనీ పిలిచి చూసుకుంటుంది. వీళ్ళు నావాళ్ళు అని ముడి మళ్ళీ బిగించుకుంటుంది. ఆ ముడి రోజూ వదులవుతుంది, రోజూ బిగించాలి. పగలు కునుకులో బిగించినా చాలు. మనం బిగించే వేళే లేకుండా చేశాం."

"నేను అడిగాను గదండీ! పగలు నిద్రపోతారా అని ప్రతివాళ్ళనీ అడిగాను!"

"మీరడిగిన ప్రశ్న తప్పు కాదు పట్టాభి గారూ. ఈ ఊళ్ళో పుట్టి పెరిగి, ఆ జవాబు నమ్మాం చూశారా, అదీ తప్పు. ఏ పరాయి దేశం నుంచో వచ్చినవాడైతే 'నడుం వాల్చడమంటే ఏమిటి' అని అడిగేవాడు. మనకి తెలుసు గాబట్టి అడగలేదు. నేను మాత్రం? మా అమ్మీ రోజూ మధ్యాహ్నం జొహర్ నమాజు అయ్యాక నడుం వాలుస్తుంది."

పరీక్షలు ఆపేశారు. అందరి దగ్గరా పట్టీలు వెనక్కి తీసుకున్నారు, పైవాళ్ళకి ఉన్నదున్నట్టు రాసి పంపారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే గాని, పట్టుకోకుండా ఉండలేరు గదా. విశాల పట్టీ ఆ రోజే పట్టాభి ఊడదీశాడు. అభ్యంతరమేమీ చెప్పలేదు ఆవిడ. "మీరు చెప్తే సరేనండీ, మీకు తెలుస్తుంది గదా" అంది.

మొదట్లో రాత్రుళ్ళు మళ్ళీ నిద్ర పట్టేది కాదు ఆవిడకి. పట్టాభి అంత సంతోషం పుట్టి ఎరగడు. పక్కన ఆవిడ అటూ ఇటూ దొర్లుతుంటే, దొర్లవే తల్లీ, దొర్లు, మమ్మల్ని పిలు, వరసకట్టి వస్తాం అని మనసులో మొక్కుకునేవాడు. రోజూ పొద్దున్నే అడిగేవాడు. "రాత్రి పడుకున్నాక ఎవరు గుర్తొచ్చారు?"

అబద్ధం చెప్పే మనిషి కాదు విశాల. ఆలోచించి మరీ చెప్పేది. "స్కూల్లో కొత్తగా వచ్చిన తెలుగు మేడమ్‌గారు. పాపం ఆవిడకి ఇక్కడి నీళ్ళు పడట్లేదు. ఆ తర్వాత సత్యవేణి వాళ్ళ పాప."

"ఇంకా?"

"ఇంకెవరూ రాలేదండీ. నిద్ర పట్టేసింది."

సత్యవేణి వాళ్ళు కార్తీకమాసంలో పై వాటాలోకి అద్దెకి దిగారు. బుల్లి పాప, దోగాడుతోంది. ఒక సాయంత్రం ఆ పాప పూలకుండీలో మట్టి తీసి నోట్లో పెట్టుకుంది. విశాల పరుగున వెళ్ళి "నీ మొహం మండా! మట్టి తింటావుటే, రాక్షసీ!" అని నోట్లోంచి మట్టి తీసి, వీపు మీద మెత్తగా ఒకటేసి, గుండెకి హత్తుకుని ముద్దులు పెట్టింది. మెట్ల మీద హిమజ నించుని చూస్తోంది. ఏడవలేదు. లోపలికి వెళ్ళిపోయింది.

"కొత్తవాళ్ళతో ముడి వేసుకోగలదు. పాతవాళ్ళతోనే వేసుకోలేదు" అంది మెహర్, పట్టాభి మొహంలోకి చూడకుండా. "కొత్త మొహం అయితే మెదడు మొదటినుంచీ మొదలెడుతుంది. మీ మొహాలు కొత్తవి కాదు, తెలుసు. తెలిసినవాళ్ళు, కానీ ముడి తెగిపోయినవాళ్ళు. పిలవడానికి కొస దొరకట్లేదు. నూకరాజుకీ అంతే, నర్సులకీ అంతే. ఒక్కళ్ళకి కూడా తిరిగి రాలేదు. వస్తుందని మీకు నేను చెప్పలేను."

ఈ మాట హిమజకి ఎలా తెలిసిందో! ఫోన్లో మాట్లాడుతుంటే విన్నదేమో. పిల్లలు వినకూడదనుకున్నవే వింటారు. ఆదివారం పొద్దున పట్టాభి కూరలు పట్టుకుని ఇంటికొచ్చేసరికి, హిమజ రెండు జడలూ విప్పేసి జుట్టు వెనక్కి దువ్వుకుని, ఎవరిదో స్నేహితురాలి చుడీదారు వేసుకుని వీధి గుమ్మంలో నించుని ఉంది. తలుపు తీసిన విశాలతో అంటోంది:

"నమస్తే ఆంటీ. మేము ఈ వీధిలోకి కొత్తగా వచ్చామండీ. నా పేరు మల్లిక. మీతో ఆడుకోవచ్చా?"

విశాల నవ్వింది. మంచి నవ్వే, పొరుగింటి పిల్ల చిలిపితనానికి నవ్వే నవ్వు. "ఇదేం ఆటమ్మా? నువ్వు హిమజవి గదూ! లోపలికి రా, జుట్టు చిక్కు పడిపోతుంది" అంది.

సంచీలో వంకాయలన్నీ మెట్ల మీద దొర్లాయి. పట్టాభి వంగి ఏరుకుంటూనే ఉన్నాడు, ఏరినవే మళ్ళీ ఏరుకుంటూ.

అప్పట్నించీ పిల్లకి నిద్ర పోయింది. పోయిందంటే పోయిందే. పట్టాభి గసగసాలు నూరాడు, జాజికాయ అరగదీశాడు, అరికాళ్ళకి ఆముదం రాశాడు. మందులిచ్చే డాక్టరు ఇచ్చినవన్నీ వేశాడు. పక్కన పడుకుని, పాడటం రాకపోయినా వచ్చినట్టు పాటలు పాడాడు. చీకట్లో ఆ రెండు కళ్ళూ తెరుచుకునే ఉండేవి. బడిలో బెంచీ మీద తూలి పడిపోతోందని కబురొచ్చింది. ఒళ్ళు చిక్కి జామపుల్లలా అయింది. గౌను భుజాల మీద నిలవడం లేదు. "ఇలాగే ఉంటే పిల్ల దక్కదు, ఏదో ఒకటి చెయ్యండి" అని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

పడుకున్నాక ఆ పిల్లకి ఎవరొస్తున్నారో పట్టాభికి అడగక్కర్లేదు. వాళ్ళమ్మ వస్తోంది. తిట్టే అమ్మ, అష్టాచెమ్మాలో దొంగాటాడే అమ్మ. వచ్చినప్పుడల్లా ముడి ఇంకాస్త బిగుసుకుంటోంది. అవతలి కొస ఎవరి చేతిలోనూ లేదు. అంత బాగా ఆ సంగతి తెలిసినవాడు లోకంలో ఇంకొకడు లేడు, ఆ తెలియడం వల్ల ఒక్కరికి కూడా పిసరంత ఉపయోగం లేదు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకే హిమజని పడుకోబెట్టి నుదురు నిమురుతున్నాడు. విశాల గుమ్మం దగ్గరికొచ్చి నించుంది. చూసి చూసి జాలేసినట్టుంది.

"పాపం, పిల్ల ఎంత చిక్కిపోయిందండీ! నేను అనకూడదేమో గాని, నాకు పెట్టారే ఆ పట్టీ, అది పెట్టకూడదూ? నాకెంత హాయిగా ఉండేదో! ఒక్క ఆలోచన వచ్చేది కాదు."

ఆవిడ మంచికే చెప్పింది. అందులో విషం చుక్క కూడా లేదు. ఎవరింటి పిల్లకైనా అలాగే చెప్పేది.

"వద్దు" అన్నాడు పట్టాభి. "ఆ మాట ఎత్తకు."

హిమజ లేచి కూచుంది. అన్ని రోజుల్లో మొదటిసారి ఆ కళ్ళలో కాస్త వెలుగు కనిపించింది.

"పెట్టు నాన్నా."

"అది పెట్టుకుంటే ఏమవుతుందో నీకు తెలియదమ్మా."

"తెలుసు" అంది హిమజ. గొంతు తగ్గించి, తల్లికి వినబడకుండా, తండ్రి చెవిలో చెప్పింది. "అమ్మకి నేను రావట్లేదు గదా నాన్నా. నాకూ అమ్మ రాకపోతే సరిపోతుంది గదా. అప్పుడిద్దరం ఒకలాగే ఉంటాం."

"మరి నేను?" అందామనుకున్నాడు పట్టాభి. నేను కూడా రానుగా నీకు, నేనూ పోతాను గదా తల్లీ అందామనుకున్నాడు. పిల్ల మణికట్టు అతని చేతిలో ఉంది. రెండు వేళ్ళు చుట్టినా ఇంకా చోటు మిగిలింది. ఆ చెయ్యి మెల్లగా దుప్పటి మీద పెట్టి లేచాడు.

"నీకు తెచ్చినవాటిలో మిగిలిన పట్టీలు బీరువాలో పెట్టాను. తాళాలు ఎక్కడున్నాయి విశాలా?" అన్నాడు చివరికి.

"మీరు కూచోండి, పాపం, పాప దగ్గర ఉండండి. నేను తెస్తాను" అని ఆవిడ చకచకా లోపలికి వెళ్ళింది.